కదిలే బొమ్మలు, తెరమీది పాఠాలు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

బడిలో పిల్లలచేత కార్టూన్ చిత్రాలు, స్క్రీన్ రికార్డింగ్ పాఠాలు (తెరమీద చేసే పనినే వీడియోగా తీసినవి) చేయించడం గురించి గోదావరి డెల్టా నుంచి వచ్చిన ఉత్తరాలను ఈ సంచికలో ఒకచోట చేర్చాం. కొన్ని ప్రశ్నలను క్లుప్తం చేశాం. పిల్లల ప్రస్తావన ఉన్నందువల్ల రాసినవారి పేర్లు ఇవ్వడం లేదు.

ప్రశ్న: మాది రాజోలు ప్రాంతంలోని ఉన్నత పాఠశాల. తొమ్మిదో తరగతి పిల్లలు సొంతంగా కార్టూన్ చిత్రం తీయాలని ఉత్సాహపడుతున్నారు. కంప్యూటర్ గదిలో పనిచేసేవి ఆరే, అవి కూడా పాతవి. ఇంటర్నెట్ ఒకరోజు ఉంటే రెండు రోజులు ఉండదు. ఏ సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టమంటారు?
— సైన్సు ఉపాధ్యాయిని, కోనసీమ జిల్లా

జవాబు: సాఫ్ట్‌వేర్ సంగతిని రెండు వారాలు పక్కన పెట్టండి. అప్పటివరకు చేయవలసిన పనికి కంప్యూటర్ల అవసరమే రాదు. ముందుగా తేల్చుకోవలసింది, పిల్లలు చెప్పదలచిన విషయంలో కదలిక ఉన్నదా లేదా అన్నది. కొబ్బరిచెట్టు భాగాల పేర్లు చెప్పడానికి కదిలే బొమ్మ అక్కరలేదు, గోడకు తగిలించిన చార్టు చాలు. కాలువ లాకులో, అంటే రెండు నీటిమట్టాల మధ్య ఇరువైపులా తలుపులున్న గదిలో, పడవ పైమట్టానికి ఎలా ఎక్కుతుందో చెప్పాలంటే మాత్రం కదలిక చూపవలసిందే. పడవ గదిలోకి రావడం, కింది తలుపులు మూసుకోవడం, పైనుంచి వదిలిన నీటితో గదిలో మట్టం పెరిగి పడవ లేవడం, రెండు వైపులా మట్టాలు సమానమయ్యాక పై తలుపులు తెరుచుకోవడం అనే వరుసలో ఏ ఒక్కటి తారుమారైనా పడవ దాటదు. ధవళేశ్వరం వద్ద 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట నుంచి బయలుదేరిన కాలువలు పొలాలకు నీరివ్వడంతోపాటు పడవల రాకపోకలకూ పనికివచ్చాయి. మీ పిల్లలు లాకుల కట్టడాలను చూసే ఉంటారు. వాటిగుండా పడవ దాటడాన్ని చూసినవారు మాత్రం తరగతిలో ఉండకపోవచ్చు. తెలిసిన చోట తెలియని విషయం ఉండడం కార్టూన్ చిత్రానికి చాలా మంచి వస్తువు.

విషయం కుదిరాక కదలిక లెక్కను కాగితం మీద నేర్పండి. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు, అంటే విడివిడి చిత్రాలు, నడుస్తాయి. గీసే చిత్రాలలో ఒక్కొక్క బొమ్మను రెండు ఫ్రేములపాటు నిలిపి, సెకనుకు 12 బొమ్మలతో సరిపెట్టడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. బడి పనికి అంతకుమించి అవసరం లేదు. చిన్న నోటుపుస్తకం అంచున, పేజీకి ఒక బొమ్మ చొప్పున, చెట్టు మీదనుంచి కొబ్బరికాయ పడడాన్ని గీయించండి. పిల్లలందరూ మొదట కాయను సమాన దూరాల్లో దింపుతారు. పేజీలు చకచకా తిప్పితే అది రాలుతున్నట్లు ఉండదు, తాడు కట్టి ఎవరో దింపుతున్నట్లు ఉంటుంది. అప్పుడు మీ సైన్సు పాఠాన్ని బయటకు తీయండి. సమాన కాలవ్యవధుల్లో, నిశ్చలస్థితి నుంచి పడే వస్తువు దాటే దూరాలు ఒకటి, మూడు, ఐదు, ఏడు అనే నిష్పత్తిలో పెరుగుతాయి. పది మీటర్ల ఎత్తునుంచి కాయ నేలను తాకడానికి పట్టే కాలం దాదాపు 1.4 సెకన్లు, అంటే సుమారు 17 బొమ్మలు. మొదటి బొమ్మకూ రెండో బొమ్మకూ మధ్య కాయ జారేది మూడున్నర సెంటీమీటర్లు మాత్రమే. చివరి రెండు బొమ్మల మధ్య మీటరుకు పైగా ఉంటుంది. ఈ లెక్కను పిల్లలే వేసుకొని స్కేలు ప్రకారం మళ్లీ గీస్తే, రెండోసారి కాయ నిజంగా రాలుతుంది. గురుత్వ త్వరణం గురించి ఎన్ని నిర్వచనాలు వల్లె వేయించినా ఇంత గట్టిగా నాటుకోదని నా అభిప్రాయం.

ఆ తరువాత అసలు చిత్రానికి రావచ్చు. ఇరవై సెకన్ల దృశ్యానికి సెకనుకు 12 చొప్పున 240 బొమ్మలు కావాలి అనగానే సగం మంది వెనక్కి తగ్గుతారు. నిజానికి అన్ని గీయవలసిన పనిలేదు. పడవ ఐదు సెకన్లు ఆగి ఉంటే దానికి ఒక్క బొమ్మ చాలు. మిగిలిన కదలికకు అట్టముక్కలతో కత్తిరించిన బొమ్మలు వాడండి. కాకినాడ దగ్గర మాధవపట్నంలో తోలుబొమ్మలాట కుటుంబాలు ఉన్నాయి. వారి బొమ్మను ఒక్కసారి పిల్లలకు చేతికిచ్చి చూపగలిగితే మీ పని సులువవుతుంది. భుజం, మోచేయి వంటి చోట్ల విడివిడి ముక్కలను దారంతో కట్టడం వల్లనే ఆ బొమ్మ తెరమీద చేయి ఊపగలుగుతుంది. కత్తిరింపు బొమ్మల యానిమేషన్‌లో చేసేదీ అదే: ముఖం, మొండెం, చేతులు వేరువేరుగా కత్తిరించి, కీళ్ల దగ్గర దారపు ముడి వేసి, కొద్దికొద్దిగా జరుపుతూ ఒక్కొక్క ఫొటో తీయడం. కేతిగాడు, బంగారక్క వచ్చి నవ్వించిపోవడం కూడా ఆ ఆటలోనిదే కనుక, లాకు కాపలాదారుకూ పడవవానికీ మధ్య రెండు చమత్కారపు మాటలు పెట్టడానికి పిల్లలను ఆపకండి.

ఫొటోలకు ఒక ఫోను చాలు. దాన్ని రెండు బల్లల మధ్య పలక మీద, కెమెరా పలక అంచు దాటి కిందికి చూసేటట్లు పెట్టి, టేపుతో బిగించాలి; ఒకసారి బిగించాక చిత్రం పూర్తయ్యేవరకు ఎవరూ కదపకూడదు. కెమెరాలో ఫోకస్, వెలుతురు రెండింటినీ లాక్ చేయాలి. కిటికీ వెలుగులో తీస్తే మబ్బు కమ్మినప్పుడల్లా బొమ్మ మసకబారి మళ్లీ వెలుగుతుంది, కాబట్టి కిటికీలు మూసి రెండు వైపులా రెండు ఎల్ఈడీ బల్బులు పెట్టండి. వెలుతురు ఒక్క వైపునుంచే వస్తే అట్టముక్కల నీడలు కూడా వాటితో నడుస్తాయి.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్. ఫోనులోనే ఫొటోలను వరుసగా పేర్చడానికి స్టాప్ మోషన్ స్టూడియో వంటి యాప్ సరిపోతుంది. ముందు తీసిన ఫొటో నీడలా కనిపిస్తూ ఉంటుంది కనుక ఎంత జరపాలో తెలుస్తుంది. కంప్యూటర్‌లో గీయాలనుకుంటే పెన్సిల్2డీ ఉచితం, తేలికైనది, ఒకసారి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకొని ఇన్‌స్టాల్ చేస్తే ఇంటర్నెట్‌తో పనిలేదు. మౌసుతో గీయడం పెద్దలకే కష్టం; కాగితం మీద గీసిన బొమ్మలను ఫొటో తీసి, వరుస సంఖ్యలతో పేర్లు పెట్టి, అందులోకి ఒకేసారి దింపుకోవడం మేలు. బొమ్మలు గీసే క్రిటా సాఫ్ట్‌వేర్‌లో కూడా 2016 నుంచి యానిమేషన్ సదుపాయం ఉన్నది, రంగులు వేయడానికి అది చాలా బాగుంటుంది, అయితే పాత కంప్యూటర్ల మీద నెమ్మదిస్తుంది.

ప్రశ్న: కార్టూన్ అనగానే మా పిల్లలు టీవీలో వచ్చే పాత్రలనే గీస్తున్నారు. చక్కగానే గీస్తున్నారు. వద్దనాలా, సాగనివ్వాలా?
— డ్రాయింగ్ ఉపాధ్యాయుడు, నరసాపురం

జవాబు: చేయి తిరగడానికి నోటుపుస్తకంలో గీసుకుంటే అభ్యంతరం అక్కరలేదు, ఏ చిత్రకారుడైనా చిన్నతనంలో ఎవరినో ఒకరిని చూసి గీసినవాడే. బడి పేరుతో బయటకు వెళ్లే చిత్రంలో మాత్రం ఆ పాత్రలు ఉండకూడదు. వాటి మీద హక్కులు వాటి యజమానులవి. అంతకన్నా పెద్ద చిక్కు మరొకటున్నది: టీవీ పాత్ర ఎలా నవ్వుతుందో, ఎలా పరుగెత్తుతుందో ఎవరో ముందే నిర్ణయించేశారు కనుక, దాన్ని గీసేవాడు తన చుట్టూ ఉన్నవారిని గమనించడం మానేస్తాడు.

మీ జిల్లాలోనే పుట్టిన బాపు కార్టూన్లను నాలుగైదు తరగతిలో చూపించి, ఒక్కొక్క బొమ్మలో ఎన్ని గీతలున్నాయో పిల్లలను లెక్కపెట్టమనండి. నాలుగు గీతల్లో నడుము మీద చేయి పెట్టుకున్న ఇల్లాలి విసుగు మొత్తం పలుకుతుంది. అలా గీయమని కాదు నా ఉద్దేశం, ఆ గీతనూ ఎవరూ ఎత్తుకోకూడదు. ఏ గీత లేకపోయినా బొమ్మ నిలుస్తుందో కనిపెట్టడమే అక్కడి అభ్యాసం. కదిలే బొమ్మకు ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే ఒక పాత్రకు చొక్కా మీద పది గళ్లు గీస్తే, ఆ పది గళ్లను 240 సార్లూ గీయవలసి వస్తుంది.

పిల్లలను సంత రోజున గంటసేపు ఊళ్లోకి పంపండి. చేపలు బేరమాడే మనిషి నిలబడే తీరు, బరువు మోసేవారి మెడ వంపు, ఇంటి అరుగు మీద లేసు అల్లే ఆమె వేళ్ల కదలిక, రేవు దాటించే పంటు మీద మోటారుసైకిలు పట్టుకుని నిలబడ్డ కుర్రవాడి కాళ్లు. వీటిలో ఒక్కొక్కరు ఒక్కొక్కటి ఎంచుకుని, పేరు గుర్తుపట్టలేనంతగా మార్చి, తమ పాత్రను తయారుచేసుకోవాలి. ఆ పాత్రను ముందునుంచి, పక్కనుంచి, వెనకనుంచి, నవ్వుతూ, కోపంగా ఒకే షీటు మీద గీసి గోడకు అంటించండి. జట్టులో నలుగురు గీసినా పాత్ర ఒకేలా ఉండాలంటే ఈ షీటే ఆధారం.

ఒక జాగ్రత్త. ఊళ్లో ఫలానావారని తెలిసిపోయేలా, వారి నడకనో నత్తినో వెక్కిరించేలా బొమ్మ ఉంటే వెంటనే ఆపండి. హాస్యం పేరుతో బడి చేయకూడని పని అది.

ప్రశ్న: పదో తరగతి పిల్లలచేత జియోజీబ్రా అనే గణిత సాఫ్ట్‌వేర్‌లో త్రిభుజాల పాఠాలను స్క్రీన్ రికార్డింగ్ చేయించాను. ఒక్కొక్కటి ఇరవై ఐదు నిమిషాలు వచ్చింది. తరగతిలో వేస్తే మూడో నిమిషానికే అందరూ కబుర్లలో పడ్డారు. లోపం ఎక్కడ?
— గణిత ఉపాధ్యాయుడు, భీమవరం

జవాబు: మీరు పంపిన రెండు నమూనాలనూ చివరివరకూ చూశాను. పిల్లలకు గణితం వచ్చు, సందేహం లేదు. అయితే వారు మాట్లాడుతూ ఆలోచిస్తున్నారు, ఆలోచిస్తూ మౌసును తెరంతా తిప్పుతున్నారు, ‘ఆ… ఇప్పుడు… ఇక్కడ నొక్కితే…’ అనే మాటల్లోనే సగం సమయం గడిచిపోయింది. రాతప్రతి లేకుండా రికార్డు బటన్ నొక్కడం వల్ల వచ్చిన ఇబ్బంది ఇది.

బొంబాయి ఐఐటీ నడుపుతున్న స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టును మీరు ఒకసారి పరిశీలించాలి. ఉచిత సాఫ్ట్‌వేర్‌లను స్క్రీన్ రికార్డింగ్ ద్వారా నేర్పే పాఠాలు అక్కడ తెలుగుతో సహా అనేక భారతీయ భాషల్లో ఉన్నాయి. ఒక్కొక్క పాఠం పది నిమిషాల పరిధిలో ఉంటుంది. వారి పద్ధతిలో నేను విలువైనదిగా భావించేది రాతప్రతి. పేజీని రెండు నిలువు వరుసలుగా విభజించి, ఒకవైపు తెరమీద ఏం జరుగుతుందో, మరొకవైపు ఆ సమయంలో ఏం మాట్లాడతారో పూర్తి వాక్యాల్లో రాస్తారు. రికార్డు చేయడానికి ముందే ఆ సాఫ్ట్‌వేర్ తెలియని ఒకరి చేతికి ఆ ప్రతిని ఇచ్చి, దాన్ని చదువుతూ పని చేయగలుగుతున్నారో లేదో పరీక్షిస్తారు. తెరమీది మెనూలు ఇంగ్లీషులోనే ఉంటాయి, వినిపించే మాట మాత్రం నేర్చుకునేవారి భాషలో ఉంటుంది. రేపు ఉద్యోగంలో ఎదురయ్యే తెర కూడా ఇంగ్లీషుదే కనుక ఈ ఏర్పాటు సబబుగానే ఉన్నది. మీ పిల్లలు ‘ఫైల్ మెనూలో సేవ్ నొక్కండి’ అంటే చాలు. సేవ్‌కు తెలుగుమాట కోసం వెతకనక్కరలేదు.

కాబట్టి ఇరవై ఐదు నిమిషాల పాఠాన్ని ముక్కలు చేయండి. త్రిభుజాన్ని గీయడం ఒకటి. మూడు కోణాల లంబ సమద్విఖండన రేఖలు అనకుండా, మూడు భుజాల లంబ సమద్విఖండన రేఖలు అని స్పష్టంగా చెప్పి, అవి ఒకే బిందువులో కలవడాన్ని చూపడం మరొకటి. శీర్షాన్ని పట్టుకుని లాగితే, అధికకోణ త్రిభుజంలో ఆ బిందువు బయటకు ఎందుకు పోతుందన్నది మూడోది. ఒక్కొక్కటి నాలుగైదు నిమిషాలకు మించకూడదు. ఈ మూడో ముక్కలోనే జియోజీబ్రా అవసరం నిజంగా ఉన్నది, ఎందుకంటే నల్లబల్ల మీద శీర్షాన్ని లాగలేం. మిగిలిన రెండింటిని మీరు బల్ల మీదే చెప్పి, ఈ ఒక్కదాన్నే పిల్లలచేత రికార్డు చేయించినా నేను తప్పు పట్టను.

రాతప్రతి సిద్ధమయ్యాక తెరను సర్దాలి. తెర మొత్తాన్ని అత్యధిక స్పష్టతతో రికార్డు చేసి ఫోనులో చూస్తే అక్షరాలు చీమల్లా కనబడతాయి. తెర కొలతను 1280×720కు తగ్గించి, జియోజీబ్రాలో అక్షరాల పరిమాణాన్ని పెంచి, అవసరం లేని పట్టీలను మూసేయండి. డెస్క్‌టాప్ మీద బడి రికార్డులు, పిల్లల మార్కుల జాబితాలు ఉంటే వాటిని వేరే చోటికి జరపండి. వాట్సాప్ వంటివి మూసి ఉంచండి. పాఠం మధ్యలో ఎవరిదో సందేశం మూలనుంచి పైకి లేస్తే దాన్ని తరువాత చెరపడం పెద్ద పని. కర్సర్‌ను చూపవలసిన చోటికి తెచ్చి, ఆపి, చెప్పి, అప్పుడు నొక్కాలి. చుట్టూ గుండ్రంగా తిప్పుతూ చూపే అలవాటును మొదటిరోజే మాన్పించండి.

రికార్డు చేయడానికి ఓబీఎస్ స్టూడియో ఉచితం. మీ వైపు కరెంటు సంగతి మీకు తెలిసిందే కనుక ఒక్క విషయం గుర్తుంచుకోండి: ఫైలు రకాన్ని ఎంకేవీగా ఎంచుకుంటే, మధ్యలో కంప్యూటర్ ఆగిపోయినా అప్పటివరకు రికార్డయినది మిగులుతుంది. మామూలు ఎంపీ4లో అయితే ఫైలు తెరుచుకోకుండా పోవచ్చు. పని పూర్తయ్యాక ఎంకేవీని ఓబీఎస్‌లోనే రీమక్స్ అనే ఆదేశంతో ఎంపీ4గా మార్చుకోవచ్చు. బొమ్మ నాణ్యత తగ్గదు. తెర పాఠాలకు సెకనుకు 15 ఫ్రేములు చాలు, కనుక ఆ సంఖ్య తగ్గిస్తే పాత కంప్యూటర్ కూడా తట్టుకుంటుంది. కంప్యూటర్ అందని పిల్లలకు ఆండ్రాయిడ్ 11 నుంచి ఫోనులోనే స్క్రీన్ రికార్డర్ ఉంటుంది.

గొంతును తెరతోపాటు ఒకేసారి రికార్డు చేయించకండి. ముందు మౌనంగా తెరను, తరువాత రాతప్రతి చూసి చదువుతూ గొంతును విడిగా తీసి కలపడమే పిల్లలకు సులువు. చేతికీ నోటికీ ఒకేసారి పని పెడితే రెండూ తడబడతాయి. ఆఖరున, ఆ పాఠాన్ని తొమ్మిదో తరగతిలో ఒకరికి చూపించి, చూసినవారు తామే కంప్యూటర్ ముందు కూర్చుని ఆ పని చేయగలిగితేనే పాఠం పూర్తయినట్లు లెక్క. ఎక్కడ ఆగిపోయారో ఆ వాక్యాన్నే తిరగరాయాలి.

ప్రశ్న: మా ఇల్లు చేపల చెరువుల పక్కన ఉంటుంది. రాత్రంతా నీటిలో గాలి కలిపే ఏరేటర్ల మోత. నేను చేసిన వీడియోలో నా గొంతుకన్నా ఆ శబ్దమే ఎక్కువగా ఉంది. మంచి మైకు కొనుక్కోవాలా?
— పదో తరగతి విద్యార్థిని, ఉండి మండలం

జవాబు: కొనకు తల్లీ, ముందు ఉన్నదానితో ప్రయత్నం చెయ్యి. ఇయర్‌ఫోను తీగకు ఉండే చిన్న మైకును నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కగా పెట్టుకో. ఎదురుగా పెడితే ‘ప’, ‘భ’ పలికినప్పుడు గాలి కొట్టి టప్పుమంటుంది. దూరం సగానికి తగ్గిస్తే నీ గొంతు బాగా పెరుగుతుంది, చెరువు మోత మాత్రం అంతే ఉంటుంది. మైకు ధరకన్నా మైకు ఉన్న చోటే ముఖ్యమని దీనివల్ల తెలుస్తుంది. చెరువుకు ఎదురుగా ఉండే కిటికీని మూసి, ఫ్యాను ఆపి, బట్టల బీరువా తెరిచి దాని ముందు కూర్చుని చదువు. వేలాడే బట్టలు, పరుపు, దుప్పట్లు ప్రతిధ్వనిని పీల్చుకుంటాయి. బోసి గోడల గదిలో గొంతు డొల్లగా వినబడుతుంది.

మాట్లాడడానికి ముందు ఐదు సెకన్లు మౌనంగా ఉండి ఆ గది శబ్దాన్ని కూడా రికార్డు చెయ్యి. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ ఐదు సెకన్లను నమూనాగా చూపిస్తే, అదే రకం శబ్దాన్ని మిగిలిన రికార్డింగ్‌లో తగ్గిస్తుంది. ఏరేటర్ మోత ఆగకుండా ఒకే తీరున ఉంటుంది కనుక ఈ పద్ధతికి బాగా లొంగుతుంది. కుక్క మొరిగినా, రేకుల మీద వాన పడినా ఇది పనిచేయదు, అవి ఆగాకే చదవాలి. మరీ ఎక్కువగా తగ్గించబోతే నీ గొంతే నీళ్లలోంచి వస్తున్నట్లు మారిపోతుంది. కొంచెం మోత మిగిలినా ఫరవాలేదు. అన్నిటికన్నా తేలిక మార్గం, ఏరేటర్లు ఆగి ఉండే పగటివేళ చూసుకుని చదవడం.

ప్రశ్న: వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు టైపు చేస్తే వత్తులు విడిపోయి, గుణింతాలు పక్కకు పోతున్నాయి. అనూ ఫాంట్లతో టైపు చేసినవి అయితే ఏవో గుర్తులుగా వస్తున్నాయి.
— తెలుగు ఉపాధ్యాయుడు, పాలకొల్లు

జవాబు: ఇవి రెండు వేరువేరు సమస్యలు. అనూ వంటి పాత ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల స్థానంలోనే తెలుగు ముక్కలను కూర్చారు. ఆ ఫాంటు లేనిచోట అసలు రూపమైన గుర్తులే బయటపడతాయి. ఇకమీదట పిల్లలచేత, తెలుగు అక్షరాలకు సొంత సంకేతాలున్న యూనికోడ్‌లోనే టైపు చేయించండి. విండోస్‌లో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఉంటుంది, దాన్ని నేర్చుకోవడమే మేలని నా సలహా.

రెండోది సాఫ్ట్‌వేర్ లోపం. ‘స్త్రీ’ వంటి అక్షరంలో ఆరు సంకేతాలు వరుసగా ఉంటాయి, వాటిని కలిపి ఒక రూపంగా పేర్చే పని సాఫ్ట్‌వేర్ చేయాలి. కొన్ని ఎడిటర్లకు ఆ నేర్పు లేదు, మరికొన్నిటిలో ఉన్నా దాన్ని సెట్టింగుల్లో ఎంచుకోవలసి ఉంటుంది. దానితో కుస్తీ పట్టేకంటే, శీర్షికలను లిబ్రేఆఫీస్‌లోనో పవర్‌పాయింట్‌లోనో టైపు చేసి, బొమ్మగా పీఎన్‌జీ రూపంలో దాచుకుని, ఆ బొమ్మను వీడియో మీద పెట్టండి. బొమ్మలో వత్తు ఎక్కడికీ పోదు. శీర్షికలకు రామభద్ర వంటి లావు ఫాంటు, చదవవలసిన వాక్యాలకు మండలి బాగుంటాయి, రెండూ ఉచితంగా దొరుకుతాయి. సన్నని అక్షరాలు ఫోను తెరమీద కనబడవు. కార్టూన్లలో మాత్రం ఫాంటే వద్దంటాను. మంచి దస్తూరి ఉన్న పిల్లచేత స్కెచ్‌పెన్నుతో రాయించి ఫొటో తీయండి, బొమ్మకూ రాతకూ పొత్తు కుదురుతుంది.

ప్రశ్న: నేపథ్యంలో సినిమా పాట పెట్టుకోవచ్చా?
— విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, మండపేట

జవాబు: తరగతి గదికే పరిమితమైన అభ్యాసంలో పెద్ద చిక్కు రాదు. బయట పెట్టే వీడియోలో వద్దు. పాట హక్కులున్న సంస్థ దాన్ని యంత్రంతోనే గుర్తించి ఆపించగలదు. యూట్యూబ్ వారి ఆడియో లైబ్రరీలో ఉచితంగా వాడుకోదగిన సంగీతం ఉన్నది. అంతకన్నా, బడిలో డోలక్ వాయించే కుర్రవాడు ఒక్కడైనా ఉంటాడు, అడిగి చూడండి. పాఠం చెప్పే గొంతు కింద మాత్రం ఏ సంగీతమూ వద్దు.

ప్రశ్న: మా అమ్మాయి ఎనిమిదో తరగతి. కార్టూన్లు, పాఠాలు చేసి యూట్యూబ్‌లో పెడతానంటోంది. చదువు పాడవుతుందని వాళ్ల నాన్నగారు, ఏదైనా అనుచితంగా జరుగుతుందేమోనని నేను భయపడుతున్నాం.
— ఒక తల్లి, అమలాపురం

జవాబు: అమ్మా, మీ భయానికే ముందు జవాబు చెబుతాను. చేయడం వేరు, లోకానికి చూపడం వేరు. చేయనివ్వండి, చూపే విషయంలో మీరు దగ్గరుండండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే పరిగణిస్తూ, వారి సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతిని తప్పనిసరి చేసింది. కాబట్టి ఖాతా మీ పేరిట, మీ ఫోనులో ఉండాలి, పాస్‌వర్డ్ మీకే తెలియాలి. వీడియో పెట్టేటప్పుడు ‘అన్‌లిస్టెడ్’ అని ఎంచుకుంటే, మీరు లింకు పంపినవారికి తప్ప వెతికేవారికి అది దొరకదు. టీచరుకూ బంధువులకూ చూపడానికి ఆ మాత్రం చాలు. అయితే లింకు అందుకున్నవారు మరొకరికి పంపగలరని గుర్తుంచుకోండి. అందరికీ పెట్టదలచుకుంటే, వీడియో పిల్లలను ఉద్దేశించినది అయినప్పుడు ఆ సంగతి ప్రకటించాలని 2020 జనవరి నుంచి యూట్యూబ్ నియమం. అలా ప్రకటిస్తే కింద వ్యాఖ్యలు మూసుకుపోతాయి. మీకు కావలసిందీ అదే.

ఈ రెండు ప్రక్రియల్లోనూ ముఖం కనబడవలసిన పనిలేదు, అందువల్లనే ఆడపిల్లల తల్లులకు నేను వీటిని ధైర్యంగా సూచిస్తాను. బొమ్మ మాట్లాడుతుంది, తెర కనబడుతుంది, పిల్ల గొంతు ఒక్కటే వినబడుతుంది. యూనిఫాం మీది బ్యాడ్జి, బడి బోర్డు, ఇంటి వీధి, ఫోను నంబరు ఎక్కడా పడకుండా ఒకసారి మీరే చివరివరకు చూసి, తరువాత పంపండి. చదువు సంగతికి వస్తే, ఆమెకు కష్టమనిపించే పాఠాన్నే వస్తువుగా తీసుకోమని వాళ్ల నాన్నగారిచేత చెప్పించండి. నాలుగు నిమిషాల్లో మరొకరికి అర్థమయ్యేలా రాయాలంటే ఆ పాఠాన్ని పుస్తకంలో నాలుగుసార్లు చదవక తప్పదు.

ప్రశ్న: ప్రాజెక్టు పనిగా వీటిని చేయిస్తే మార్కులు ఎలా వేయాలి? కొందరు కృత్రిమ మేధ యాప్‌తో నిమిషంలో కార్టూన్ తెచ్చి చూపిస్తున్నారు. అది మిగతావాటికన్నా నదురుగా ఉంటోంది.
— సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయిని, రామచంద్రపురం

జవాబు: చివరి వీడియోకే మార్కులు వేస్తే మెరుగైన ఫోను ఉన్నవారికీ, యాప్ దొరికినవారికీ వేసినట్లవుతుంది. పది మార్కులుంటే నాలుగు రాతప్రతికి కేటాయించండి. అందులో వాస్తవాలు సరిగా ఉన్నాయా, వరుస కుదిరిందా అని చూడండి. మూడు మార్కులు చిత్తుప్రతులకు, అంటే కొట్టివేతలతో సహా నోటుపుస్తకంలోని బొమ్మలకు ఇవ్వండి. రెండు మార్కులు, వేరే తరగతి పిల్లవాడు చూసి ఆ విషయాన్ని తిరిగి చెప్పగలిగాడా లేదా అన్నదానికి. మిగిలిన ఒక్కటీ నదురుకు.

యాప్‌తో తెచ్చిన కార్టూన్‌ను తిరస్కరించే ముందు దాన్నే తరగతిలో వేసి, తప్పులు పట్టమనండి. కాటన్ దొర కాలపు గోదావరి అని అడిగితే, అప్పట్లో లేని కట్టడాలు అందులో కనబడే అవకాశం చాలా ఉన్నది. ధవళేశ్వరం వద్ద ఇప్పుడు మనం చూస్తున్న బ్యారేజీ 1982లో పూర్తయినది, 1852 నాటి ఆనకట్ట దానికి భిన్నమైనది. ఆ తేడాను పట్టుకున్న జట్టుకు రాతప్రతి మార్కుల్లో ఒకటి అప్పుడే వేసేయండి. ఆ తరువాత, కార్టూన్ పూర్తిచేసిన ప్రతి జట్టుచేతా తాము ఎలా చేశారో చూపే ఐదు నిమిషాల తెర పాఠం ఒకటి చేయించండి. ఫొటోల వరుసను తెరిచి చూపుతూ, ఏ ఫ్రేమును ఎందుకు ఎంతసేపు నిలిపారో వారు చెప్పాలి. సొంతంగా చేయనివారు ఈ పాఠం చెప్పలేరు, చేసినవారి పాఠాలు వచ్చే ఏడాది తరగతికి పనికివస్తాయి. ఫోల్డర్‌కు సంవత్సరం, తరగతి, విషయం పేరు పెట్టి బడి కంప్యూటర్‌లో ఒక ప్రతి, పెన్‌డ్రైవ్‌లో మరొక ప్రతి దాచండి.